గూట్ల గురిగి

సోమనర్సయ్య కొలిమికి పోయినంక, పొయ్యి మీద జొన్న గటుక ఉడుకు పట్టినంక, వెంకటనర్సమ్మ గూట్లున్న చిన్న మట్టి గురిగి మీది మూకుడు తీసేది. అంతే, ఊరవతల కొలిమికాడ తిత్తి లేచి ఊదుడు మొదలువెట్టేది.

మూకుడు సగం జరిపితె సగం ఊపిరి. కొడవలి కక్కులకు, మేకులకు గది చాలు. మొత్తం తీసి పక్కకు వెడితె నాగటికర్రు ఎర్రబడేంత మంట. పక్కనే ఇంకో చిన్న గురిగి ఉండె, దాని మూకుడు తీస్తె సానరాయి తిరిగేది. పనైపోయినంక రెండింటికీ మూకుళ్లు వెట్టి, చేతులు కడుక్కొని ఇంత గటుక తాగేది. ఆమె దినాం చేసే పని గిదే.

నాగులకుంటల వాళ్ల ఇల్లు ఊరి నడుమ, చావడి వెనుక. కొలిమి ఊరి చివర, జనగామ నుంచి లింగాల ఘనపూర్ పోయే బండ్లబాట పక్కన. నడుమ సాలెవాడ, గొల్లవాడ. ఇంట్ల కూసున్న మనిషికి కొలిమి కనవడది. గాలి ఇటు మర్లితె సమ్మెట సప్పుడు మాత్రం ఇనవడ్తది. అయినా సోమనర్సయ్య బొగ్గులు ఎప్పుడు పేర్చిండో, ఇనుము ఎప్పుడు రంగు మారిందో ఆమెకు తెలిసేది. ఎట్ల తెలిసేదని మీరడుగుతరు. పక్కింట్ల ముచ్చట వెట్టిన తల్లికి తన పొయ్యి మీద పాలు పొంగుతున్నయని ఎట్ల తెలుస్తది? గట్లనే. ఇంతకు మించి నన్నడగకున్రి, నాకూ తెల్వది.

మొదట్ల ఆమె గూడ తక్కిన కమ్మరోళ్ల ఆడోళ్ల లెక్కనే కొలిమికాడ కూసొని తోలుపట్టె గుంజి తిత్తి ఊదిన మనిషే. కాపురానికి వచ్చిన మర్నాడు పట్టిన పట్టె, తల నెరిసేదాక ఇడువలె. ఒక వానకాలం బాయికాడ కాలు జారి తుంటి ఇరిగింది. పసరు పోసి కట్టు కట్టిన్రు గని ఎముక కూడలె. అప్పటిసంది ఇంట్లనే, కూసున్నకాడ్నుంచి జరుక్కుంట తిరుగుడు, గూడు అందుకోనీకె పీట మీదికెక్కుడు. మొగుడు ఒక్కడే కొలిమికి పోయిన మొదటి దినం ఆమెకు దుఃఖం ఆగలె. "అయ్యో, తిత్తి ఎవలు ఊదుతరు" అని ఏడ్సుకుంట, ఉప్పు కోసం గురిగి మూకుడు తీసింది. గురిగి ఉత్తదే ఉన్నది. గని ఆడ తిత్తి లేచింది.

పగటీలి బువ్వకు వచ్చిన సోమనర్సయ్య కాళ్లు కడుక్కొని కూసుండి, "ఇయ్యాల మంచిగ ఊదినవే" అన్నడు.

"ఉప్పు ఒడిసింది, తేవాలె" అన్నదామె.

ఊరోళ్లు గూడ దీని గురించి ఎక్కువ మాట్లాడలె. రైతులకు మాత్రం సంతోషమైంది. అంతకుముందు ఎవల పని ఉంటె వాళ్లే బొగ్గులు తేవాలె, వాళ్లే తిత్తి గుంజాలె, వాళ్లే సమ్మెట కొట్టాలె. కొలిమి రివాజు అది. ఇప్పుడు తిత్తి గుంజుడు తప్పింది. దానికి బదులు ఇంకో రివాజు వచ్చింది. కొలిమికి పోయేటోళ్లు ముందుగల్ల చావడి వెనుకకు వచ్చి, గడప ముందు నిలవడి, ఏం పనో వెంకటనర్సమ్మకు చెప్పిపోవాలె. మూకుడు ఎంత తియ్యాల్నో ఆమెకు తెల్వాలె గదా.

"అవ్వా, కర్రు సరిపిచ్చుకోవాలె."

"పో బిడ్డా, తీస్త."

"అవ్వా, సమ్మెటకు గూడ ఒక గురిగి పెట్టరాదె, రెక్కలు పోతున్నయ్."

"పెడ్త తియ్. నీ నోటికి గూడ ఒకటి పెడ్త, దాని మూకుడైతె జన్మల తియ్య."

ఆ తర్వాత సంగం రోజులొచ్చినయ్. గడీల వెట్టి ఎంత చేసినా గింజ రాలదని అందరికీ తెలిసిందే. గడీ నాగండ్లకు, బండ్లకు, దర్వాజలకు సోమనర్సయ్య కొట్టిన ఇనుముకు లెక్కలేదు, దానికి ప్రతిఫలం తిట్లు. ఇంక వెట్టి చెయ్యం అని ఊరు ఎదురుతిరిగినంక పోరగాండ్లు వచ్చి అదే గడప ముందు నిలవడి దాచకుండ చెప్పేటోళ్లు.

"అవ్వా, బరిసెలు."

వెంకటనర్సమ్మ ఏమీ అడిగేది కాదు. మూకుడు పూరాగ తీసి పక్కకు వెట్టేది.

గడీ దొర పారిపోయి పట్నంల కూసున్నడు. ఆయన పోయిన తొవ్వల్నే సర్కారు పోలీసు క్యాంపోళ్లు వచ్చిన్రు. తుపాకులు, ఒక లారీ. ఆ లారీ ఏ ఊరికి పోతె ఆ ఊర్లె పొయ్యిలు వెలుగకపోయేది. దాంట్ల ఎక్కిచ్చిన మనిషి మళ్ల ఇంటి మొకం చూడలె. ఇది చెప్పేదానికి నాకేం సంబురం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

ఎండలు ముదిరిన రోజులు. ఒకనాడు పొద్దెక్కంగనే లారీ నాగులకుంటకు వచ్చి గొల్లవాడల ఆగింది. బుచ్చమ్మ కొడుకు యాకయ్యను పట్టుకున్నరు. యాకయ్య గొర్లకాడికి పోతున్నట్టు పోయి, గొంగడి కింద సద్ది దాచుకొని గుట్టల్లున్న సంగం దళానికి అందిచ్చేటోడు. ఎవడో చెప్పిండు. చేతులు ఎనుకకు కట్టి లారీల ఏసిన్రు. బుచ్చమ్మకు మొగుడు లేడు, ఆ కొడుకు తప్ప ఎవలూ లేరు. లారీ ఎనుక ఉరికి ఉరికి పడిపోయింది.

లారీ ఊరు దాటలె. కొలిమి ముందు బండ్లబాటల గుంత ఉండె, దాంట్ల దిగవడి, లారీ బరువు మోసే కమాను పట్టీ ఫట్టున ఇరిగింది. లారీ ఒక పక్కకు ఒరిగింది.

జమేదారు దిగి చూసిండు, డ్రైవర్ను తిట్టిండు, మర్లి కొలిమి చూసిండు. "ఏ బుడ్డే, ముసలోడా! ఇది అతుకవెట్టు. జల్ది."

సోమనర్సయ్య ఆ పట్టీని చేతులకు తీసుకొని తిప్పి చూసిండు. "మామూలు ఇనుము కాదు సర్కార్. ఉక్కు. మస్తు మంట గావాలె. దినమంత పడ్తది."

"పొద్దు గూకకముందు క్యాంపుకు చేరాలె. చీకటైతె బాటలన్ని తవ్వుతరు మీ సంగపోళ్లు. పొద్దు వాలే యాళ్లకు లారీ కదలకుంటె నిన్ను గీ దాగలి దిమ్మె మీద పండవెట్టి కాలుస్త. అర్థమైందా?"

"అయింది సర్కార్."

"తిత్తి ఊదెటోడు ఏడి?"

"ఇంటికాడ మా ఆడిది ఊదుతది. ఏం పనో ఆమెకు చెప్పిరావాలె."

జమేదారుకు సంగతి ముందే ఎరుకున్నట్టుంది, ఒక సిపాయిని తోలిండు. సిపాయి చావడి వెనుకకు వచ్చి గడప ముందు నిలవడ్డడు. ఎండకు మొకం కమిలిపోయింది. "బుడ్డీ, లారీ కమాను. పూరా ఊదాలె. ఆపితె మీ ముసలోణ్ణి కాల్చేస్తమన్నడు జమేదార్ సాబ్" అని గుక్కతిప్పకుండ చెప్పి, చెంబెడు నీళ్లు అడుక్కొని తాగి పోయిండు. వెంకటనర్సమ్మ మూకుడు మొత్తం తీసింది.

తీసినంక దాన్ని పక్కకు వెట్టకుండ చేతులనే వట్టుకున్నది.

కొంచెం సేపటికి బుచ్చమ్మ వచ్చింది. మోకాళ్లు కొట్టుకపోయి నెత్తురు కారుతున్నది, కొంగు మట్టిల పొర్లి ఉన్నది. గడప ముందుకు వచ్చింది గని ఏం చెప్పాల్నో తెల్వక నిలవడ్డది. అందరూ ఆ గడప ముందు నిలవడి పని చెప్పేటోళ్లే.

"రా బుచ్చమ్మా, కూసో."

"అక్కా, లారీ నీ తిత్తి మీదనే ఆధారవడ్డదట గదా."

"ఔ."

"నువ్వు మూకుడు వెడితె అది కదలదు."

"కదలదు" అన్నది వెంకటనర్సమ్మ. "గని కదలకుంటె మా ముసలాయన్ని కాలుస్తరట. ఇప్పుడే చెప్పిపోయిండు సిపాయి."

బుచ్చమ్మ గది ఎరగదు. గడపకు తలానిచ్చి, "నీ మొగన్ని సంపుకొని నా కొడుకును బతికియ్యుమని ఏ నోటితోని అడుగుదునే అక్కా. అట్ల అడిగితె నేను మనిషినేనా" అని లేచింది. వెంకటనర్సమ్మ పిలిచినా ఆగలె. గోడ పట్టుకుంట, కొడుకును చివరిసారి చూసుకొనేతందుకు లారీ దిక్కు నడిచింది.

ఆమె అడిగి ఉంటె వెంకటనర్సమ్మ కాదనేదేమో. అయ్యో నాతోని కాదు చెల్లె, నా పసుపుకుంకుమల సంగతి అని చెయ్యి పట్టుకొని ఏడ్సేది. అడగకుండ పోయింది, ఆడనే వచ్చింది తిప్పలంత. వెంకటనర్సమ్మ మూకుడు చేతుల వట్టుకొని గురిగి దిక్కు చూసుకుంట కూసున్నది. ఆడ కొలిమిల ఉక్కు ఎర్రబడుతున్నది, ఆమె చెంపకు ఆ సెగ తగులుతున్నది. ఎరుపు పోయి పసుపు వస్తది. పసుపు పోయి తెలుపు రావాలె. తెల్లబడి రవ్వలు చిట్లినప్పుడే రెండు ముక్కలు ఒకటైతయ్. అంతకుముందు దించి కొడితె పైకి అతికినట్టు కనవడ్తది గని లోపల కూడది, బరువు వడితె ఇడిపోతది. గిది ఇన్నేండ్లు తిత్తి ఊదిన మనిషికి ఒకలు చెప్పాల్నా?

ఒక్కటే బాధ. సోమనర్సయ్యను అడుగుదామంటె ఆయన ఆడ ఉండె, ఈమె ఈడ. గోడకు చెవులున్నయంటరు గని నోరు లేదాయె. ఆయన పానం ఆయనది. దాన్ని ఈమె గూట్లకెళ్లి ఎత్తి ఇంకొకలకు ఇచ్చుడు ఏం న్యాయం? "నన్నెందుకు కొట్టినవ్ గీ దెబ్బ" అని దేవునిమీద కోపం జేసింది. గట్టిగనే తిట్టింది, పక్కింటోళ్లకు ఇనవడ్డది.

ఉక్కు పసుపురంగుకు వచ్చింది. వెంకటనర్సమ్మ మూకుడు వెట్టింది.

కొలిమికాడ తిత్తి ఊపిరి మధ్యల ఆగింది. సోమనర్సయ్య తల ఎత్తిండు. తన తిత్తి ఎప్పుడు ఆగాల్నో తనకు తెలుసు, ఆ యాళ్ల ఇంకా కాలె. పట్టుకారు చేతుల్నే ఉన్నది. పది మంది సిపాయిలు చుట్టూ ఉన్నరు. లారీల యాకయ్య కండ్లు మూసుకొని ఒరిగి ఉన్నడు, చక్రం పక్కన బుచ్చమ్మ కూసొని కొడుకు కాలు తాకనీకె చెయ్యి చాస్తుంటె ఒక సిపాయి తుపాకి కట్టెతోని అడ్డం పెడుతున్నడు. సోమనర్సయ్య ఇవన్ని ఒక్కసారి చూసిండు.

"ఎందుకాగింది?" అన్నడు జమేదారు.

'ఇంకా ఊదుమని ఇంటికి కబురు చెయ్యున్రి' అంటె సరిపోయేది. ఆయన పానం ఆయన దక్కిచ్చుకొనేటోడు, ఎవలూ తప్పువట్టకపోయేది. సోమనర్సయ్య అట్ల అనలె.

"అయింది, అందుకే ఆగింది. మా ఆడిది కాకముందు ఆపది" అన్నడు. ఉక్కును దాగలి మీదికి తీసి, ఇసుక జల్లి, ఎదురుంగ ఉన్న సిపాయికి సమ్మెట చూపిచ్చిండు. "పని ఎవలిదో సమ్మెట వాళ్లే కొట్టాలె సర్కార్. రివాజు. కొట్టున్రి."

సిపాయి కొట్టిండు. బలంగనే కొట్టిండు. అతుకు పైకి సక్కగ కూడినట్టు కనవడ్డది గని గీత ఉన్నది. నీళ్లల్ల ముంచినంక గీత ఇంకా స్పష్టమైంది. సోమనర్సయ్యకు చెమట కండ్లల్లకు కారింది. అప్పుడే పక్కన సానరాయి గిర్రున తిరుగుడు మొదలైంది. ఇంటికాడ రెండో గురిగి మూకుడు తీసింది ఆమె. ఆయన పట్టీని సాన మీద ఒత్తిండు, రవ్వలు లేచినయ్, గీత మాయమైంది.

జమేదారు వేలుతోని తడిమి చూసిండు. "పాస్" అన్నడు.

లారీ జనగామ దిక్కు పోయింది. వాగు కాడ దిగుడు ఉంటది. దిగుట్ల బరువంత ముందుకు వడ్డప్పుడు అతుకు ఇడిసింది. లారీ పక్కకు ఒరిగి ఇసుకల తలకిందులైంది. సిపాయిలు ఒకల మీద ఒకలు వడ్డరు, తుపాకులు ఏడనో వడ్డయ్. యాకయ్య కట్టిన చేతులతోని దొర్లి, తుమ్మచెట్లల్లవడి, గుట్టల దిక్కు ఉరికిండు. ఎనుకకెళ్లి కాల్చిన్రు గని తగలలె.

సోమనర్సయ్య ఇంటికి వచ్చేటాళ్లకు ఎండ చల్లబడ్డది. కాళ్లు కడుక్కున్నడు. వెంకటనర్సమ్మ గటుక పోసి ముందు వెట్టింది.

"నిన్నడగకుండ ఆపిన" అన్నదామె.

"అడిగితె నేనొద్దందును."

"గందుకే అడగలె."

ఆయన గటుక తాగిండు. "మంచి పనే" అన్నడు. ఆ మాటతోని ఆమెకు పొద్దటిసంది ఆగిన ఏడుపు వచ్చింది. "నువ్వు పో. గుట్టల్లకు పో. రేపు వస్తరు" అన్నది.

"నిన్నెవలు మోస్తరు?"

"నన్నేం చేస్తరు కుంటిదాన్ని? లే! నీకు దండం వెడ్త, లే!" అని చేతిల ఉన్న గంటె ఇసిరికొట్టింది. ఆయన గంటె తీసి కడిగి ఆమె పక్కన వెట్టిండు గని పోలె. గసొంటి మొండోడు.

మర్నాడు పొద్దుగాల్నే వచ్చిన్రు. కొలిమి కప్పు అంటువెట్టిన్రు, తిత్తి తోలును తుపాకి కత్తితోని చీరిన్రు, సానరాయి బాయిల ఏసిన్రు. సోమనర్సయ్యను తీసుకపోయిన్రు.

ఆ తెల్లారి వెంకటనర్సమ్మ పొయ్యి ముట్టిచ్చి, గటుక వెట్టి, అలవాటుకొద్ది గురిగి మూకుడు తీసింది. తీసినంక యాదికొచ్చి తల కొట్టుకున్నది. తిత్తే లేదు, ఇంక దేనికి తీసుడు? మళ్ల వెట్టబోయింది. వెట్టబోతుంటె చేతికి తెలిసింది, ఏడనో ఏదో లేస్తున్నది. తిత్తి నిండుతున్నప్పుడు ఉండే బరువే. మెల్లగ, మస్తు మెల్లగ. ఆగుతది అనుకుంటె మళ్ల లేస్తది. ఆమెకు అదేందో తెల్వలె. గని మూకుడు వెట్టలె. మాపటికి గూడ వెట్టలె.

క్యాంపుకు పోయినోళ్ల గురించి ఒక కబురు వచ్చింది. సోమనర్సయ్యను బాగ కొట్టిన్రని, పీనుగును బాట పక్కన పడేసిన్రని. చిట్యాల నుంచి తోడికోడలు చిలుకమ్మ ఏడ్సుకుంట వచ్చింది. ఊరి ఆడోళ్లు కూడిన్రు. గాజులు తియ్యాలె, బొట్టు తియ్యాలె, దినాలు చెయ్యాలె అన్నరు.

"ఆయన సావలె" అన్నది వెంకటనర్సమ్మ.

"అక్కా, పీనుగును చూసినోళ్లున్నరు" అన్నది చిలుకమ్మ.

"చూసినోళ్లు మట్టి ఎయ్యలె గదా? నాకు లేస్తున్నది. నా బొట్టు జోలికి రాకున్రి."

దుఃఖంల మతి తప్పిందనుకొని ఆడోళ్లు ఒకలి మొకం ఒకలు చూసుకున్నరు. చిలుకమ్మ ఇల్లు సర్దుదామని అలుకు పట్టింది. చావు ఇల్లని ఆమె లెక్క. గోడలు తుడుసుకుంట గూటికాడికి వచ్చి, తెరిచి ఉన్న గురిగిని చూసి, దుమ్ము వడ్తదని మూకుడు వెట్టింది.

పక్క అర్రల ఉన్న వెంకటనర్సమ్మ కేక వెట్టింది. ఊర్లె అట్లాంటి కేక ఎవలూ ఇనలె. మోచేతుల మీద పాక్కుంట వచ్చి, గోడ పట్టుకొని, ఇరిగిన తుంటి మీదనే నిలవడి మూకుడు గుంజి అవతల పారేసింది. అది పగిలింది. ఆమె అట్లనే గూట్ల చెయ్యి వెట్టి చాలా సేపు నిలవడ్డది. తర్వాత మెల్లగ కింద కూలవడి, "లేచింది" అన్నది. చిలుకమ్మ ఆన్నుంచి గాజుల ముచ్చట తియ్యలె.

వానలు తగ్గి, క్యాంపులు లేచిపోయి, ఊర్లల్ల మనుషులు మెల్లగ బయటికి వస్తున్న రోజుల్ల చావడి ముందు ఒక ఎడ్లబండి ఆగింది. కేసముద్రం అంగడికి గింజలు తోలే పోశాలు బండి అది. దాంట్ల గడ్డి మీద సోమనర్సయ్య ఉన్నడు. ఎముకలే ఉన్నయ్, గని కండ్లు తెరిచే ఉన్నడు.

పోశాలు అరుగు మీద కూసొని చెప్పిండు. "పొద్దుగాల బండి తోలుకపోతుంటె బాట పక్కన వడి ఉన్నడవ్వా. చచ్చిండనుకున్న. ఊపిరి లేదు, చల్లగున్నడు. కుక్కలు ముట్టకుండ పక్కకు జరుపుదామని దిగిన. పొద్దు జరంత ఎక్కింది. చూస్తుండంగనే రొమ్ము లేచింది. ఒక్కసారి లేచి ఆగింది, మళ్ల లేచింది. మా ఇంట్ల గడ్డిమోపుల వెనుక దాచినం. మధ్యల ఒకనాడు పగటిపూట ఊపిరి ఆగిపోయిందవ్వా. మా ఇంటిది ఏడుపు గూడ మొదలువెట్టింది. మళ్ల ఎంటనే లేచింది."

చిలుకమ్మ తలకాయ కిందికి ఏసుకున్నది. వెంకటనర్సమ్మ పోశాలుకు గటుక పోసింది, "తాగు బిడ్డా, దూరం వచ్చినవ్" అన్నది.

కొలిమిని ఊరోళ్లు మళ్ల కప్పిన్రు. కొత్త తిత్తి కుట్టిచ్చిన్రు గని అది గురిగి మాట ఇనలె. పని తెచ్చినోళ్లే మునుపటి లెక్క గుంజుకున్నరు. సోమనర్సయ్య సమ్మెట ఎత్తలేకపోయేది. పక్కన కూసొని "ఇంకా కాలే", "ఇప్పుడు కొట్టు" అని చెప్పేటోడు, అంతే. ఆ గురిగి మీద మూకుడు వెట్టుడు ఆ ఇంట్ల బందైంది. పగలూ రాత్రీ తెరిచే ఉండేది. బంధువుల ఇంటికి పోవాల్నంటె వెంకటనర్సమ్మ దాన్ని ఒడిల వెట్టుకొని బండి ఎక్కేది, కుదుపులకు పక్కోళ్ల మీద కసురుకునేది.

యాకయ్య గుట్టల్లకెళ్లి వచ్చినంక పెండ్లి చేసుకున్నడు. పిల్లలు పుట్టిన్రు. పొద్దుమాపు ఆ ఇంటికి వచ్చి నీళ్లు తోడివోసేటోడు, బుచ్చమ్మ వెన్న పంపేది. ఎవలూ ఎవలకూ కృతజ్ఞతలు చెప్పుకోలె. మనకాడ గట్ల చెప్పుకునే అలవాటు లేదు.

చాలా ఏండ్లు గట్ల గడిచినయ్. సోమనర్సయ్య మంచం వట్టిండు. వయసు మీదవడ్డది, లోపల పాత దెబ్బలు తిరగవెట్టినయ్. మింగుడు వడది, పండుకుంటె నొప్పి, కూసుంటె నొప్పి. తిండి లేక చర్మం ఎముకలకు అంటుకున్నది, అయినా రొమ్ము మాత్రం ఆగకుండ లేస్తున్నది, దిగుతున్నది. జనగామ దవాఖానకు తీసుకపోతె డాక్టరు చూసి ఆశ్చర్యపోయి, ఇంటికి తీసుకపోమన్నడు.

ఒకనాడు ఎండపొద్దు ఇంట్లకు వచ్చినంక ఆయన భార్యను దగ్గరికి పిలిచిండు.

"ఏమే. మూకుడు వెట్టు."

ఆమెకు అర్థమైంది. అర్థం కానట్టు, "ఏ మూకుడు? కూరకుండ మీద ఉన్నది" అన్నది.

"నర్సమ్మా."

పేరువెట్టి పిలువడు ఆయన. ఆమె మొకం తిప్పుకొని కసిరింది. "నోరు మూసుకొని పండుకో. పొద్దుగాల్నే ఏం మాటలు. వెట్ట. నేనుండంగ వెట్ట."

"అప్పుడు నన్నడగకుండ ఆపినవ్. మంచి పనే చేసినవ్. ఇప్పుడు నేనే అడుగుతున్న. నొస్తున్నదే. జీవి ఇసిగింది."

వెంకటనర్సమ్మ ఆయన చెయ్యి తన చేతులకు తీసుకొని వేళ్లు ఒక్కొక్కటే ఒత్తింది. తర్వాత, "ఇంత గటుక తాగు. తాగినంక వెడ్త" అన్నది. చెంచాతోని పోసింది. ఆయన రెండు గుటకలు మింగిండు, మూడోది మింగలేక తల ఊపిండు. ఆమె కొంగుతోని ఆయన మూతి తుడిచింది. బయట నీళ్లు పోస్తున్న యాకయ్యను పిలిచి, "గూట్ల గురిగి నాకందియ్ బిడ్డా" అన్నది. యాకయ్య తెచ్చి ఆమె ఒడిల వెట్టిండు. ఎందుకో అడగలె, గని కొంచెం సేపు గురిగిని ఇడువలె. ఆమెనే వాని వేళ్లు మెల్లగ ఇడిపిచ్చింది.

పాతది పగిలిన కాడ్నుంచి ఆ గురిగికి మూకుడు లేదు. వెంకటనర్సమ్మ తన అరచెయ్యి దాని మూతి మీద పరిచింది. పొద్దుగూకేదాక ఆ చెయ్యి తియ్యలె.